కన్ను ఎర్రబడితే గోలీలు ఆపాలా?

శ్రీశైలం రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే చోట ఉంది తుక్కుగూడ. పడమటికి తిరిగితే శంషాబాద్ విమానాశ్రయం, తూర్పుకు పోతే రావిర్యాల, తిన్నగా దక్షిణానికి పోతే కందుకూరు, కడ్తాల్, ఆపైన నల్లమల. 2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకున్నాక చేలూ తోటలూ వెంచర్లయ్యాయి, లారీలు పగలూ రాత్రీ తిరుగుతున్నాయి. ఆ లారీలు మోసే సరుకులో మందులున్నాయి. విమానాశ్రయం కార్గో విభాగంలో వాటికోసం చల్లని గిడ్డంగులు ప్రత్యేకంగా కట్టారు. హైదరాబాద్ నుంచి విమానమెక్కే ఎగుమతుల్లో పెద్ద వాటా మందులదే మరి.

ఆ మందుల్లోనూ వైరస్‌లను అణిచే గోలీలకు పెద్ద చరిత్ర ఉంది. 2001లో ముంబై కంపెనీ సిప్లా హెచ్ఐవీ మందుల కాక్‌టెయిల్‌ను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించేనాటికి అమెరికాలో అదే చికిత్సకు పది వేల డాలర్ల పైనే అయ్యేది. ఆ తరువాత హెటెరో, అరబిందో, మాట్రిక్స్ వంటి హైదరాబాద్ కంపెనీలు రంగంలోకి దిగి, ఆఫ్రికా దేశాలకు, మన దేశానికి ఈ గోలీలు సరఫరా చేశాయి. శంషాబాద్ దాటాక బెంగళూరు రోడ్డు మీద వచ్చే కొత్తూరులో నాట్కో కర్మాగారం ఉంది. కాలేయాన్ని తినేసే హెపటైటిస్ సి వైరస్ మందు సోఫోస్‌బువిర్‌ను ఆ కంపెనీ 2015లో హెప్సినాట్ పేరుతో తెచ్చింది. అమెరికాలో ఒక్కో గోలీ వెయ్యి డాలర్లు పలికిన మందు అది. ఇక్కడ 28 గోలీల సీసా 19,900 రూపాయలకు వచ్చింది.

ఈ గోలీల వల్ల బతికిన వాళ్లు లక్షల్లో ఉన్నారు. అందులో అనుమానమే లేదు. అయితే ఆ బతికినవాళ్లలో కొందరికి, గోలీలు మొదలుపెట్టిన వారాల్లోనో నెలల్లోనో కంట్లో వాపు మొదలైంది. ఒకరికి కన్ను మసకబారింది, ఇంకొకరికి ఎండ చూస్తే సూదులు గుచ్చినట్టయింది, మరొకరికి రెప్పలు లోపలి నుంచి అతుక్కుపోయాయి. ఈ అధ్యాయం ఆ వాపు గురించే. బయటికి ఒకేలా కనిపించినా ఈ వాపులకు కారణాలు వేరు, చికిత్సలు వేరు. కొన్నిసార్లు ఒకదాని చికిత్స ఇంకొకదానికి పూర్తిగా ఎదురు. శీర్షికలోని ప్రశ్నకు ఒకే మాటలో జవాబు చెప్పలేకపోవడానికి అదే కారణం.

మనిషికి పనికొచ్చిన మొట్టమొదటి వైరస్ మందు పుట్టిందే కంటికోసం. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో విలియం ప్రూసాఫ్ 1959లో ఐడాక్సురిడిన్ అనే అణువును తయారుచేశాడు. ఆయన ఉద్దేశం క్యాన్సర్ మందు చేయాలని. 1962లో హెర్బర్ట్ కాఫ్‌మన్ అనే కంటి వైద్యుడు దాన్ని నల్లగుడ్డు మీద హెర్పిస్ వైరస్ పుండ్లున్నవారికి చుక్కలుగా వేసి, పుండ్లు మానతాయని చూపించాడు. మరుసటి ఏడాదే దానికి అనుమతి దొరికింది. వైరస్‌కు మందే ఉండదని వైద్యులు నమ్మిన రోజులవి.

చిక్కేమిటంటే ఐడాక్సురిడిన్‌కు వైరస్ డీఎన్ఏకూ మనిషి డీఎన్ఏకూ తేడా పెద్దగా తెలియదు. రెండింటిలోనూ దూరుతుంది. నల్లగుడ్డు పైపొర కణాలు నిత్యం పుట్టి నిత్యం రాలిపోయేవి కాబట్టి వాటికే మొదటి దెబ్బ. వారాల తరబడి చుక్కలు వేస్తే రెప్ప లోపలివైపు గింజల్లా ఉబ్బుతుంది, నల్లగుడ్డు మీద సన్నటి చుక్కల్లా పొర లేస్తుంది, కన్ను ఎర్రగా మండుతుంది. రోగి ఏమనుకుంటాడు? జబ్బు ముదిరిందనుకుంటాడు. ఇంకో రెండు చుక్కలు ఎక్కువ వేస్తాడు. కన్ను ఇంకా ఎర్రబడుతుంది. మందు తెచ్చిన వాపును జబ్బుగా పొరబడి అదే మందు పెంచడం అనే ఉచ్చు వైరస్ మందులతో పాటే పుట్టిందన్నమాట. చుక్కల మందును చెప్పిన రోజులకు మించి వాడొద్దని కంటి డాక్టర్లు అన్నిసార్లు చెప్పేది ఇందుకే. ఆ తరువాత వచ్చిన అసైక్లోవిర్‌కు తెలివెక్కువ. వైరస్ పట్టిన కణంలోనే అది పనిలోకి దిగుతుంది. దాని వెనకున్న పరిశోధకురాలు గెర్‌ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

ముందుకు పోయేలోపు కంటి లోపలి అమరిక కొంచెం తెలియాలి. కంటిగుడ్డు గోడకు మూడు పొరలు. బయటిది తెల్లగుడ్డు, దాని ముందు భాగంలో, నల్లగుడ్డు మీద, అద్దంలాంటి కార్నియా. అన్నిటికన్నా లోపలిది రెటీనా, చూపు పడే తెర. ఈ రెండింటి మధ్య రక్తనాళాలు దట్టంగా ఉన్న పొర ఉంటుంది. కనుపాప చుట్టూ రంగుగా కనిపించే ఐరిస్, దాని వెనక కంట్లో నీటిని ఊరించే సిలియరీ బాడీ, రెటీనాకు ఆహారమిచ్చే కొరాయిడ్, ఈ మూడూ ఆ మధ్య పొర భాగాలే. ఈ పొర వాస్తే డాక్టర్లు యువైటిస్ అంటారు. రక్తంలో తిరిగే ప్రతిదీ కంట్లోకి రాకుండా మామూలుగా ఒక గట్టి అడ్డు ఉంటుంది. యువైటిస్‌లో ఆ అడ్డు సడలిపోయి తెల్లకణాలు, ప్రొటీన్లు కంటినీటిలోకి చిమ్ముతాయి. మందుల వల్ల వచ్చే వాపులో సగం కథ ఈ అడ్డు సడలడమే.

ఇప్పుడు సిడోఫోవిర్ దగ్గరికి వద్దాం. దీని పుట్టుక ప్రాగ్‌లో. చెక్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆంతోనిన్ హోలీ, బెల్జియంలో లూవెన్ నగరంలోని రేగా సంస్థ పరిశోధకుడు ఎరిక్ డి క్లెర్క్ 1980లలో ఒక అణువుల కుటుంబాన్ని కనిపెట్టారు. ఆ కుటుంబంలో ఒకడు సిడోఫోవిర్, ఇంకొకడు టెనోఫోవిర్. రెండోవాడు మనకు బాగా చుట్టం. ఈరోజు హెచ్ఐవీకి చికిత్స చేసే మన ఏఆర్‌టీ కేంద్రాల్లో రోజుకొకటి చొప్పున ఇచ్చే గోలీలో లామివుడిన్, డోలుటెగ్రావిర్‌లతో పాటు ఉండేది అదే. హైదరాబాద్ కంపెనీలు దాన్ని టన్నుల్లో తయారుచేశాయి. కంటిని అది దాదాపు ఏమీ అనదు. కిడ్నీల మీద మాత్రం ఒక కన్నేసి ఉంచాలి.

సిడోఫోవిర్ అలా కాదు. 1996 జూన్‌లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది కంటి జబ్బుకే. ఎయిడ్స్ ముదిరి, శరీరాన్ని కాపాడే సీడీ4 కణాలు 50 కన్నా కిందికి పడిపోయినవాళ్లలో సైటోమెగలో వైరస్ రెటీనాను కాల్చేస్తుంది. హెచ్ఐవీకి సరైన మందులు లేని రోజుల్లో ఎయిడ్స్ రోగుల్లో దాదాపు మూడోవంతు మందికి ఈ జబ్బు వచ్చేది, చాలామంది చూపు పోయాకే చనిపోయేవారు. 1989లో వచ్చిన గాన్‌సైక్లోవిర్‌ను రోజూ నరంలోకి ఎక్కించాలి. సిడోఫోవిర్ అయితే మొదటి రెండు వారాల తరువాత పక్షానికొకసారి చాలు. రోగులకు అది పెద్ద ఊరట. కిడ్నీలను దెబ్బతీయకుండా ప్రొబెనిసిడ్ గోలీలు, సెలైన్ జతచేసేవారు.

నాలుగైదు మోతాదులు పడేసరికి కొందరికి కన్ను నొప్పెట్టడం, ఎర్రబడటం, కంటి లోపలి ఒత్తిడి పడిపోవడం మొదలైంది. రక్తంలోంచి ఈ మందును తోడి పోగుచేసుకునే పంపుల్లాంటి ప్రొటీన్లు కిడ్నీ కణాల్లో ఉంటాయి. అలాంటివే సిలియరీ బాడీ కణాల్లోనూ ఉన్నాయి. అందుకే మందు అక్కడ చేరి కణాలను విషంలా చంపింది. నీరూరించే కణాలు దెబ్బతింటే నీరు తగ్గుతుంది, ఒత్తిడి పడిపోతుంది, రక్తానికీ కంటికీ మధ్యనున్న అడ్డు సడలుతుంది. చిత్రం ఏమిటంటే కిడ్నీకోసం ఇచ్చిన ప్రొబెనిసిడ్ కంటినీ కొంత కాపాడింది, రెండుచోట్లా పంపు ఒకే రకం కాబట్టి. ఈ వాపుకు చికిత్స సూటిగా ఉంటుంది. స్టెరాయిడ్ చుక్కలు, కనుపాపను విప్పే చుక్కలు వేస్తారు, చాలాసార్లు మందే మానేస్తారు. 1998లో కంట్లోకే పొడిచే ఫోమివిర్‌సెన్ అనే మందు వచ్చింది. జన్యు సందేశాన్ని అడ్డుకునే ఆ తరహా మందుల్లో ప్రపంచంలో అదే మొదటిది. అదీ కంట్లో వాపు తెచ్చింది. కొన్నేళ్లకే అమ్మేవాళ్లు దాన్ని వెనక్కి తీసుకున్నారు. దానికి వాపుకన్నా పెద్ద కారణం వేరే ఉంది. కొనేవాళ్లు తగ్గిపోయారు. ఎందుకు తగ్గారన్నదే మన తరువాతి కథ.

1996 నుంచి హెచ్ఐవీకి మూడు మందుల చికిత్స ఊపందుకుంది. రోగుల సీడీ4 కణాలు తిరిగి పెరిగాయి. సైటోమెగలో వైరస్ కంటి జబ్బు కొత్తగా రావడం బాగా తగ్గిపోయింది. వార్డులు ఖాళీ అయ్యాయి. డాక్టర్లు ఊపిరి పీల్చుకుంటున్నప్పుడే ఒక వింత ఎదురైంది. రెటీనా జబ్బు అణిగిపోయి మచ్చ మాత్రమే మిగిలినవాళ్లు, సీడీ4 వందా రెండొందలూ దాటినవాళ్లు, ఒళ్లు పుంజుకున్నవాళ్లు వచ్చి కళ్ల ముందు దోమలు తిరుగుతున్నాయన్నారు, చూపు మసకగా ఉందన్నారు. కంట్లో చూస్తే వైరస్ జాడలేదు, వాపు మాత్రం నిండుగా ఉంది. 1998లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యులు దీన్ని వివరంగా రాశారు. రోగనిరోధక శక్తి తిరిగొచ్చాక వచ్చే యువైటిస్ అని దానికి పేరు స్థిరపడింది.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అంటారే, అచ్చం అదే. వైరస్ కంటిని దోచుకుంటున్నప్పుడు శరీరానికి అరిచే సత్తువ లేదు. హెచ్ఐవీ సీడీ4 కణాలను తినేసింది. గోలీలు హెచ్ఐవీని అణిచాక కణాలు తిరిగొచ్చాయి. రెటీనా మచ్చల్లో మిగిలిన వైరస్ ముక్కలు వాటికి ఇప్పుడు కనిపించాయి, ఇప్పుడు విరుచుకుపడ్డాయి. ఆ యుద్ధంలో నలిగింది రెటీనా మధ్యభాగం. అక్కడ నీరు చేరుతుంది, పైన పొర పెరుగుతుంది, కొందరికి శుక్లం వస్తుంది. రెటీనాలో ఎంత ఎక్కువ భాగం ముందే కాలిపోయి ఉంటే ఈ వాపు ముప్పు అంత ఎక్కువ. సిడోఫోవిర్ వాడినవాళ్లకు ఇంకా ఎక్కువని తరువాత తేలింది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఈ వాపు మందు ‘సైడ్ ఎఫెక్ట్’ అనడం సరికాదని నా అభిప్రాయం. మందు చేయాల్సిన పని చేసింది కాబట్టే ఇది వచ్చింది. మందు మానేస్తే వాపు తగ్గొచ్చు, మనిషి పోవచ్చు. అందుకే ఇందులో ఏఆర్‌టీ గోలీలు ఆపరు. కంటి పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, అవసరమైతే కొద్దిరోజులు గోలీలుగా ఇస్తారు, సైటోమెగలో వైరస్ మళ్లీ లేవకుండా కాపు కాస్తారు. సిడోఫోవిర్ వాపుకూ దీనికీ తేడా చూడండి. అక్కడ మందు మానడమే వైద్యం, ఇక్కడ మందు మానడమే ప్రమాదం. రెండింటిలోనూ కంటి డాక్టరు యంత్రంలో కనిపించేది మాత్రం అవే తేలే కణాలు.

ఇంకో మాట. సైటోమెగలో వైరస్ కంటి జబ్బులో కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు. తెల్లగా, చల్లగా ఉన్న కంటి వెనక రెటీనా కాలిపోతూ ఉంటుంది. శక్తి తిరిగొచ్చాక వచ్చే వాపులోనూ చాలాసార్లు ఎరుపు కన్నా మసకే ముందు. అంచేత ‘కన్ను బాగానే ఉంది కదా’ అని అద్దంలో చూసుకుని తృప్తిపడే వీల్లేదు. సీడీ4 వందకు తక్కువగా ఉన్న ప్రతి ఒక్కరికీ ఏఆర్‌టీ మొదలుపెట్టే రోజుల్లోనే కనుపాప విప్పి రెటీనా చూడటం తప్పనిసరి చేయాలని నేను గట్టిగా అంటాను. పదిహేను నిమిషాల పని, పెద్ద ఖర్చు లేదు.

మన దగ్గర ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలను ముందు ఎంచుకున్నారు, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో హెచ్ఐవీ ఉన్నవారి శాతం జాతీయ సగటుకన్నా ఎక్కువే. ఆ రోజుల్లో ఇచ్చిన మూడు మందులు స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్. ధర తక్కువ, ఫ్రిజ్ అక్కర్లేదు, మూడూ కలిపి ఒకే గోలీగా చేయొచ్చు. ఆనాటికి అది సరైన నిర్ణయమే. దానికి చెల్లించిన మూల్యంలో ఒక భాగాన్ని మాత్రం కళ్లు చెల్లించాయి.

నెవిరాపిన్ వాడిన వెయ్యి మందిలో ముగ్గురికి అటూఇటుగా స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అనే భయంకరమైన ప్రతిచర్య వస్తుంది. మొదటి ఆరు వారాలు గండం. అందుకే మొదటి పద్నాలుగు రోజులు రోజుకు ఒకే గోలీ ఇచ్చి, దద్దుర్లు లేవని చూసుకున్నాకే రెండో గోలీ కలుపుతారు. ఆ గడువును తేలిగ్గా తీసుకున్న చోట ముప్పు పెరిగింది. ఇక్కడ మందు కణాలను నేరుగా విషంలా చంపదు. కొందరి జన్యువుల్లోని తీరువల్ల వాళ్ల రక్షణ కణాలు మందును తగిలించుకున్న సొంత చర్మాన్నే పరాయిదిగా చూస్తాయి. మలావీలో హెచ్ఎల్ఏ-సి జన్యువులో ఒక రకం ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువని 2013లో గుర్తించారు. జ్వరం వస్తుంది, ఒళ్లంతా దద్దుర్లు లేచి బొబ్బలవుతాయి, చర్మం కాలినట్టు ఊడుతుంది. నోరు, మర్మాంగాలు, కళ్లు అన్నీ పుండవుతాయి. ఈ జబ్బును 1922లో మొదట రాసిన అమెరికా పిల్లల వైద్యులు స్టీవెన్స్, జాన్సన్ తమ వ్యాసం శీర్షికలోనే కళ్ల వాపును చేర్చారు. తాము చూసిన ఇద్దరు మగపిల్లల్లో వాళ్లను అంతగా కలవరపెట్టింది కళ్లే.

వార్డులో జరిగేది ఇది. రోగి ప్రాణం కోసం అందరూ పరుగులు పెడతారు, చర్మం, నీరు, ఇన్ఫెక్షన్ చూసుకుంటారు. ఉబ్బి మూసుకుపోయిన రెప్పలు తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. మూడు వారాల తరువాత మనిషి బతికి ఇంటికి పోతాడు. అప్పటికి రెప్ప లోపలి పొర కంటిగుడ్డుకు అతుక్కుని ఉంటుంది, రెప్ప అంచు చర్మంలా గట్టిపడి ఉంటుంది, వెంట్రుకలు లోపలికి తిరిగి ఉంటాయి, కన్నీళ్లు ఇంకిపోయి ఉంటాయి. ఆ గరుకు అంచు రోజుకు వేలసార్లు కార్నియాను గీస్తుంటే కొన్ని నెలల్లో, కొన్నేళ్లలో కార్నియా తెల్లబడిపోతుంది. మందు ఎప్పుడో ఆపేశారు, వాపు మాత్రం జీవితాంతం తోడుంటుంది.

ఈ కళ్లకు ప్రపంచంలో పేరున్న చికిత్స జరిగే చోట్లలో ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉంది. బంజారాహిల్స్‌లో 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అది. సినిమా దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన విరాళం మీద మొదలైన ఆసుపత్రి. కంటి పైపొరను పునరుద్ధరించే మూలకణాల చికిత్సలో అక్కడి వైద్యులు 2001 నుంచి పనిచేస్తున్నారు. 2012లో వీరేందర్ సంగ్వాన్ బృందం ప్రయోగశాల అక్కర్లేకుండా, మూలకణాల ముక్కలను నేరుగా కంటిమీదే నాటే సులువైన పద్ధతిని ప్రచురించింది. సున్నం, ఆసిడ్ పడి కాలిన కళ్లకు అది వరమైంది. స్టీవెన్స్ జాన్సన్ కళ్లకు అదొక్కటే చాలదు. తడి లేని నేలలో నాటు నిలవదు గదా. అందుకే అక్కడ దారి వేరు. పెదవి లోపలి మెత్తని పొరను తీసి గట్టిపడిన రెప్ప అంచుకు కుడతారు. తెల్లగుడ్డు మీద ఆనుకుని, కార్నియాను ముట్టకుండా, మధ్యలో నీటిని నిలిపి ఉంచే పెద్ద లెన్సులు పెడతారు. వీటివల్ల కార్నియా తెల్లబడటం ఆగుతుంది, చాలామందికి చదువుకునేంత చూపు దక్కుతుంది.

వీటన్నిటికన్నా విలువైన చికిత్స మొదటి వారంలోనే ఉంది. కాన్పులో దానంగా వచ్చిన ఉమ్మనీటి సంచి పొరను శుభ్రం చేసి నిల్వచేస్తారు. జబ్బు మొదలైన తొలి రోజుల్లోనే దాన్ని రెండు కళ్లమీదా, రెప్పల అంచుల మీదా పరిచి కుడితే అతుకులు పడవు, వాపు దిగుతుంది. వారం, పది రోజులు దాటితే ఆ అవకాశం జారిపోతుంది. ఒళ్లంతా బొబ్బలెక్కి ఐసీయూలో ఉన్న మనిషి దగ్గరికి కంటి డాక్టరును ఎవరు పిలవాలి? ఇంటివాళ్లే పిలవాలి, పట్టుబట్టి పిలవాలి. పెద్దాసుపత్రుల్లో కూడా.

నెవిరాపిన్ ఇప్పుడు పెద్దలకిచ్చే మొదటి వరుస చికిత్సలో లేదు. ఎఫావిరెంజ్, ఆ తరువాత డోలుటెగ్రావిర్ దాని చోటు తీసుకున్నాయి. అయినా స్టీవెన్స్ జాన్సన్ కనుమరుగు కాలేదు. మూర్ఛ మందులు, సల్ఫా మందులు, నొప్పి గోలీలు దాన్ని మోసుకొస్తూనే ఉన్నాయి. హెచ్ఐవీ రోగులకు న్యుమోనియా రాకుండా ఇచ్చే కోట్రిమాక్సజోల్ సల్ఫా మందే. ‘ఏఆర్‌టీ గోలీ పడలేదు’ అనుకున్న చాలా సందర్భాల్లో దోషి పక్కనున్న ఈ గోలీ కావచ్చు.

పక్క గోలీ అనుకున్నాం కాబట్టి రిఫాబుటిన్ గురించి చెప్పాలి. అది క్షయ మందు. హెచ్ఐవీ రెండో వరుస చికిత్సలో రిటోనావిర్ ఉన్నవాళ్లకు టీబీ వస్తే మామూలు రిఫాంపిసిన్ ఇవ్వడం కుదరదు, అది రిటోనావిర్ కూటమిని రక్తంలోంచి ఊడ్చేస్తుంది. బదులుగా రిఫాబుటిన్ ఇస్తారు. ఇప్పుడు వ్యవహారం తిరగబడుతుంది. కాలేయంలో రిఫాబుటిన్‌ను కరిగించే ఎంజైమును రిటోనావిర్ కట్టేస్తుంది, రక్తంలో రిఫాబుటిన్ పేరుకుపోతుంది. మోతాదు మించితే ఒక్కరోజులో కన్ను ఎర్రబడి, నల్లగుడ్డు వెనక తెల్లటి తెట్టె అడుగున పేరుకునేంత వాపు వస్తుంది. చూసినవాళ్లు కంట్లో చీము పట్టిందని హడలిపోతారు. స్టెరాయిడ్ చుక్కలు వేసి, మోతాదు తగ్గిస్తేనో ఆపితేనో కన్ను తేటబడుతుంది. ఇందులో వైరస్ మందు కంటిని ముట్టనే లేదు, ఇంకో మందుకు తలుపు తీసిపెట్టింది. రెండు చోట్ల రెండు చీటీలు రాయించుకునేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ఏ డాక్టరు దగ్గరికి పోయినా తింటున్న గోలీల డబ్బాలన్నీ సంచిలో వేసుకుపోవాలి, పేర్లు గుర్తుంటాయని నమ్ముకోవద్దు.

హెపటైటిస్ సికి ఇంతకుముందు ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ సూదులు రెటీనాలో రక్తపు చుక్కలు, దూది మచ్చలు తెచ్చేవి, అరుదుగా రెండు కళ్లూ వాచేవి. హెప్సినాట్ లాంటి గోలీలు వచ్చాక ఆ సూదులే అటకెక్కాయి. కోవిడ్ కాలంలో విరివిగా వాడిన ఫావిపిరావిర్ వల్ల కొందరికి, చంటిపిల్లలకు కూడా, నల్లగుడ్డు నీలంగా మారిందని వైద్యులు రాశారు. అది వాపు కాదు, మందు ఆపితే రంగు పోయింది.

ఇక మన తుక్కుగూడ చౌరస్తాకు రండి. ఈ రోడ్ల మీద బతికేవాళ్లలో లారీ డ్రైవర్లున్నారు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కట్టుబడి కూలీలున్నారు, వెల్డింగు చేసేవాళ్లున్నారు. దుమ్ము పడి కన్ను ఎర్రబడటం ఇక్కడ రోజువారీ ముచ్చట. 2023 వానాకాలంలో తెలంగాణ అంతటా కండ్లకలక వచ్చి బడిపిల్లలను ఇళ్లలో కూర్చోబెట్టింది. అందువల్ల ఎర్రకన్ను అంటే మెడికల్ షాపుకు పోయి చుక్కల సీసా తెచ్చుకోవడం అలవాటైపోయింది. ఆ సీసాల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఒక్క పూటలో ఎరుపు దిగుతుంది, షాపతని మీద గురి కుదురుతుంది. లోపల హెర్పిస్ పుండు ఉంటే అదే చుక్క కార్నియాను తొలిచేస్తుంది, రెటీనాలో సైటోమెగలో వైరస్ ఉంటే దాని మీద ఆ చుక్క పనే చేయదు.

కండ్లకలకలో పుసి కడుతుంది, దురద ఉంటుంది, పుసి తుడిస్తే చూపు మామూలే. యువైటిస్‌లో పుసి ఉండదు. వెలుతురు చూస్తే నొప్పి, లోతుగా గుంజినట్టు నొప్పి, నల్లగుడ్డు చుట్టూ వలయంలా ఎరుపు, మసక ఉంటాయి. కళ్ల ముందు దోమలు, మెరుపులు కనిపించడం, చూపులో ఒక మూల నల్లగా మూసుకుపోవడం రెటీనా గుర్తులు. ఒంటిమీద దద్దుర్లతో పాటు కళ్లు, నోరు మండితే అది అత్యవసరం, ఆ ఒక్క సందర్భంలో మాత్రం తరువాతి గోలీ మింగకుండా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. మిగతా అన్నిటిలో వైరస్ గోలీలు మీ అంతట మీరు ఆపకండి. మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. ఉస్మానియా, గాంధీ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కడ పేరుంటే అక్కడి డాక్టరుకూ ఆ మాట చెప్పాలి.

చెప్పడమే చాలామందికి కష్టం. కంటి డాక్టరు దగ్గర హెచ్ఐవీ మాట ఎత్తితే వరసలోంచి లేపేస్తారేమో, ఊళ్లో తెలిసిపోతుందేమో అన్న భయం ఉత్తది కాదు, అలా జరిగిన రోజులున్నాయి. అయితే 2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం, ఆ సంగతి సమ్మతి లేకుండా బయటపెట్టడం దాని కింద నేరుగా నిషేధం. మీరు చెప్పకపోతే మాత్రం డాక్టరు వాపును చూస్తాడు గానీ దాని వెనక ఏ కథ ఉందో ఊహించలేడు. పైన చెప్పిన కథల్లో ఏ ఒక్కదానికీ గుర్తు కంటిమీద రాసి ఉండదు.

మందు పడకపోవడాన్ని రాసిపెట్టే వ్యవస్థ దేశంలో 2010 నుంచి ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది, వైద్య కళాశాలల్లో దాని కేంద్రాలున్నాయి. డాక్టరే రాయాలని లేదు, రోగి కూడా తెలియజేయొచ్చు. సిడోఫోవిర్, రిఫాబుటిన్ వాపులు లోకానికి తెలిసింది ఎవరో కొందరు వైద్యులు తమ రోగుల్లో చూసింది రాసి పంపడం వల్లే. కోట్ల గోలీలు తయారుచేసి విమానాల్లో ప్రపంచానికి పంపే ఈ నేల నుంచి, ఆ గోలీలు మింగినవాళ్ల కళ్లకు ఏమైందో కూడా అంతే శ్రద్ధగా లెక్క పోవాలి. మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకు గానీ ఏ మందు వల్లనైనా కంట్లో వాపు వచ్చిందని డాక్టరు చెబితే 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పండి, ఖర్చు లేదు. హెచ్ఐవీ మందుల గురించి సందేహాలుంటే 1097కు చేయండి.